ఫ్లాస్కు మీద పేరు

వేటపాలెం

చిరంజీవి అమ్మాయికి,

ప్రాజెక్టు పనికి మిరప ఘాటును ఎంచుకున్నావనీ, దాన్ని ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల మీద పరీక్షిస్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. పర్చూరు, మార్టూరు వైపు చేలల్లో మిరప, పత్తి పండిస్తారు కదా. మన నేల పంట మీద పని చేయాలని నీకు అనిపించడం బాగుంది. కానీ మీ అమ్మ చెప్పినదాంట్లో ఒక్క ముక్క లేదు: ఏ కణాల మీద? ఉద్యోగం చేసినన్నాళ్ళూ కణాలు పెంచిన దాన్ని, నాకు ముందు ఆ ప్రశ్నే వస్తుంది. నీకూ అదే ముందు రావాలని ఈ ఉత్తరం.

నీ చేతికి మొదట వచ్చేవి మూడు సెల్ లైన్లు, అంటే ఒక్కో రోగి నుంచి తీసి ల్యాబులో పెంచుతూ వస్తున్న కణాలు: పీసీ-3, డీయూ-145, ఎల్‌ఎన్‌క్యాప్. మన దేశంలో చాలా ల్యాబులు వీటిని పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం ఎన్‌సీసీఎస్ నుంచి తెప్పించుకుంటాయి. మూడూ 1970ల రెండో సగంలో అమెరికాలో మొదలైనవే. పీసీ-3, 62 ఏళ్ళాయన ఎముకలోకి పాకిన గడ్డ నుంచి వచ్చింది. డీయూ-145, 69 ఏళ్ళాయన మెదడులోకి పాకిన గడ్డ నుంచి, డ్యూక్ విశ్వవిద్యాలయంలో. ఎల్‌ఎన్‌క్యాప్, 1977లో బఫెలో నగరంలోని రోజ్‌వెల్ పార్క్‌లో, 50 ఏళ్ళాయన మెడ దగ్గరి లింఫ్ గ్రంథిలోంచి సూదితో లాగిన కాస్త కణజాలం. గమనించావా, ఒక్కటి కూడా ప్రొస్టేట్ గ్రంథిలోంచి తీసింది కాదు. జబ్బు ముదిరి, ఒళ్ళంతా పాకిన దశలో తీసినవి. ముగ్గురూ తెల్లవాళ్ళు. మన చీరాలలోనో ఇంకొల్లులోనో ఒక పెద్దాయనకి ఇప్పుడిప్పుడే మొదలైన జబ్బు గురించి ఈ కణాలు నేరుగా ఏమీ చెప్పవు. ఆ ముగ్గురి పేర్లు మనకు తెలియవు. వాళ్ళు పడిన బాధలోంచి వచ్చిన కణాలతో లోకమంతా నలభై ఏళ్ళ పైబడి నేర్చుకుంటోంది. ఫ్లాస్కు పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తుకొచ్చేది.

ఇక మూడింటికీ గుణాలు వేరు. ప్రొస్టేట్ క్యాన్సర్ మగ హార్మోన్ మీద బతుకుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. ఆ పనికి 1966లో నోబెల్ వచ్చింది. ఇప్పటికీ చికిత్సకు అదే పునాది. ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకం ఎల్‌ఎన్‌క్యాప్‌లో ఉంది. డాక్టర్లు రక్తపరీక్షలో చూసే పీఎస్ఏను కూడా అది తయారు చేస్తుంది. పీసీ-3కి, డీయూ-145కి ఆ రెండూ లేవు. రోగుల్లో ఎక్కువమంది గడ్డల్లో గ్రాహకం ఉంటుంది. మరి అందరూ పీసీ-3 మీదే ఎందుకు పడతారంటే, పెంచడం తేలిక. ఒకటిన్నర రోజుకు రెట్టింపవుతుంది, అడుగుకు గట్టిగా అంటుకుంటుంది. ఎల్‌ఎన్‌క్యాప్‌కి రెండున్నర రోజులు కావాలి. అదీ వదులుగా, గుత్తులు గుత్తులుగా పెరుగుతుంది. మీడియం మార్చేటప్పుడు పిపెట్‌ను కణాల మీదికి గురిపెడితే పొరలుగా లేచి వస్తుంది. మీడియంను ఫ్లాస్కు ఎదురు గోడ మీదుగా మెల్లగా జారవిడువు. కొత్తగా విడదీసి వేసిన కణాలను రెండు రోజులు కదపకు. ఇంక్యుబేటర్ తలుపు ఊరికే తీయడం కూడా వద్దు.

పైగా ఎల్‌ఎన్‌క్యాప్ గ్రాహకంలో ఒక తేడా ఉంది. 877వ స్థానంలో థ్రియోనిన్ ఉండాల్సిన చోట అలనిన్ ఉంటుంది. ఒక్క అమైనో ఆమ్లమే. కానీ దాని వల్ల ఫ్లూటమైడ్ అనే మందు తిరగబడుతుంది. గ్రాహకాన్ని మూసేయాల్సిన మందు దాన్ని నడిపిస్తుంది. ఈ మార్పు ఉందని 1990లో బయటపడింది. కొద్దికాలానికి డాక్టర్లు కూడా, కొందరు రోగులకు ఆ మందు ఆపేస్తే పీఎస్ఏ తగ్గడం చూశారు. ల్యాబు పళ్ళెంలోని కణం రోగి మంచం దగ్గరి చిక్కుముడిని విప్పిన మంచి ఉదాహరణ ఇది. ఆ కణం ఎవరిది, దానిలో ఏ లోపముంది అని ఎవరో పట్టుదలగా అడిగారు కాబట్టే విడింది.

ఇప్పుడు నీ మిరపకాయ దగ్గరికి వస్తాను. 2006లో లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ బృందం, మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ పోస్తే ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోతున్నాయని ప్రచురించింది. పీసీ-3 గడ్డలు పెట్టిన ఎలుకల్లో, మిరప ఘాటు ఇచ్చిన వాటి గడ్డలు ఇవ్వని వాటి గడ్డల్లో ఐదో వంతే ఉన్నాయి. మిరపకాయ తింటే క్యాన్సర్ రాదనే మాట అప్పటినుంచీ వింటూనే ఉన్నాం. ఆ ఎలుకలకిచ్చిన మోతాదును మనిషికి లెక్కకడితే, 90 కిలోల బరువున్నవాడు వారానికి మూడుసార్లు 400 మిల్లీగ్రాముల క్యాప్సైసిన్ మింగాలి. పచ్చడి మెతుకులతో అయ్యే పని కాదది. ఆ తర్వాత 2009లో స్పెయిన్ బృందం ఒకటి ఎల్‌ఎన్‌క్యాప్ మీద తక్కువ మోతాదు క్యాప్సైసిన్ పోసి చూసింది. కణాలు చావలేదు సరికదా, పెరిగాయి. హార్మోన్ గ్రాహకం కూడా పెరిగింది. అదే పదార్థం, అదే జబ్బు పేరు. కణం మారింది, మోతాదు మారింది, జవాబు తిరగబడింది. నువ్వు పీసీ-3 ఒక్కదాని మీదే చేసి "ప్రొస్టేట్ క్యాన్సర్‌పై మిరప" అని శీర్షిక పెడితే నాకు కోపం వస్తుంది.

పత్తిదీ ఇలాంటి కథే. పత్తిగింజలో గాసిపాల్ అనే పసుపు పదార్థం ఉంటుంది. పశువులకు పత్తి చెక్క మితంగానే పెట్టాలనడం దానివల్లనే. దాని ఒక రూపం, ఏటీ-101, పళ్ళెంలో ప్రొస్టేట్ కణాలను బాగానే చంపింది. దాన్ని కీమో మందు డోసెటాక్సెల్‌తో కలిపి, జబ్బు ముదిరిన సుమారు 220 మంది రోగుల్లో పోల్చి చూసి, ఫలితం 2012లో ప్రచురించారు. ఆయుష్షు పెరగలేదు. పళ్ళెం నుంచి మనిషి దాకా అంత దూరం ఉంది.

ఇంతకంటే పెద్ద గొడవ ఇంకొకటుంది. పర్చూరు రైతుకి నకిలీ విత్తనం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు: సంచి మీద పేరు ఒకటి, కాపు ఇంకొకటి. కణాలకూ అదే జరుగుతుంది, కాకపోతే కాపు కంటికి కనిపించదు. 1987లో జపాన్ నుంచి టీఎస్‌యూ-పీఆర్1 అనే ప్రొస్టేట్ సెల్ లైన్ వచ్చింది. ఏళ్ళ తరబడి ఎందరో దాని మీద పనిచేసి వ్యాసాలు రాశారు. 2001లో డీఎన్‌ఏ పోలికలు చూస్తే అది ప్రొస్టేటే కాదు, టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ లైన్. జేసీఏ-1 అనేదీ అంతే. ఒకే పిపెట్, ఒకే మీడియం సీసా రెండు ఫ్లాస్కులకు వాడితే చాలు, ఒక్క కణం దూరినా వేగంగా పెరిగేది కొన్ని వారాల్లో రెండోదాన్ని మింగేస్తుంది.

ఈ టీ24 మనవాళ్ళకు పరాయిది కాదమ్మా. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు, మరియానో బార్బాసిడ్ బృందంతో కలిసి 1982లో టీ24 మీదే పనిచేశారు. మామూలు రాస్ జన్యువుకు, క్యాన్సర్ తెచ్చే రాస్ జన్యువుకు తేడా ఒకే ఒక్క అక్షరమని తేల్చారు. దాని వల్ల రాస్ ప్రొటీన్‌లో పన్నెండో స్థానంలో గ్లైసిన్ బదులు వాలిన్ వస్తుంది. అదే ఏడాది మరో రెండు బృందాలూ అదే మాట చెప్పాయి. మనిషి క్యాన్సర్‌లో ఒక జన్యువులోని ఒకే మార్పును వేలుపెట్టి చూపడం అదే మొదలు. ఇప్పుడు ఈ సంగతిని ఆ నకిలీ ప్రొస్టేట్ లైన్ కథతో కలిపి చూడు. 1990లో టీఎస్‌యూ-పీఆర్1లో సరిగ్గా అదే పన్నెండో స్థానంలో రాస్ మార్పు ఉందని ప్రచురించారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో ఆ మార్పు చాలా అరుదు. టీ24 తన గుర్తును చూపిస్తూనే ఉంది. దాన్ని పోల్చుకోవడానికి ఇంకో పదకొండేళ్ళు పట్టింది.

కాబట్టి నువ్వు చేయాల్సింది చెబుతాను. ఫ్లాస్కు ఇచ్చినవాళ్ళను మొహమాటం లేకుండా అడుగు: ఎక్కడినుంచి తెచ్చారు, ఎన్నో పాసేజ్ (ఎన్నోసారి విడదీసి పెంచినవి), కణాల గుర్తింపు తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష ఎప్పుడు చేయించారు? జవాబు లేకపోతే నీ పని మొదలుపెట్టకముందే పరీక్షకు పంపమను. కణాల్లో చేరే మైకోప్లాస్మా బాక్టీరియా పరీక్ష కూడా. వచ్చిన రోజే కొన్ని వయల్స్ ద్రవ నైట్రోజన్‌లో దాచిపెట్టు. పీసీ-3తో పాటు ఎల్‌ఎన్‌క్యాప్ కూడా తీసుకో, సులువు కాదని వదలకు. మామూలు సీరంలో హార్మోన్లు ఉంటాయి, గ్రాహకం మీద ఘాటు ప్రభావం చూడాలంటే బొగ్గుతో హార్మోన్లు తీసేసిన సీరం వాడు. క్యాప్సైసిన్‌ను దేనిలో కరిగించావో అది మాత్రమే పోసిన ఫ్లాస్కు ఒకటి పక్కన ఉండాలి. రెండు లైన్లలో రెండు రకాల ఫలితాలు వస్తే, నచ్చినదాన్ని ఉంచి రెండోదాన్ని దాచకు. రెండూ నీ నోటు పుస్తకంలో, పాసేజ్ నంబరుతో సహా, ఏ రోజుకారోజు రాసుకో.

సెలవులకు వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసుకురా, కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ అమ్మమ్మ