పొలం ఉంటే బియ్యం కార్డు పోతుందా?

ప్రశ్న: మాది గురజాల దగ్గర పల్లె. కుడికాలువ కింద రెండున్నర ఎకరాల మాగాణి, మిరప, పత్తి వేసే ఐదెకరాల మెట్ట ఉన్నాయి. పాత ట్రాక్టరు ఒకటి ఉంది. పిల్లల చదువు కోసం నరసరావుపేటలో అద్దెకుంటున్నాం. నెలకు 300 యూనిట్లు దాటి కరెంటు వాడుతున్నామని బియ్యం కార్డు ఆపేశారు. మా ఇంటి బిల్లు వంద యూనిట్లు దాటదు. పొలం, ట్రాక్టరు ఉన్నోళ్లకు కార్డెందుకని ఊళ్లో అంటున్నారు. మాకు హక్కుందా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి పొలం, ట్రాక్టరు మీ కార్డుకు అడ్డు కావు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన నిబంధనల ప్రకారం మాగాణి 3 ఎకరాల లోపు, లేదా మెట్ట 10 ఎకరాల లోపు, లేదా రెండూ కలిపి 10 ఎకరాల లోపు ఉండవచ్చు. మీది మొత్తం ఏడున్నర. సొంత కారుంటే అనర్హతే గానీ ట్రాక్టరు, ఆటో, టాక్సీలకు మినహాయింపు ఉంది. గేదెలు, మోటారు సైకిలు, ఒంటిమీది బంగారం ఈ నిబంధనల్లో లేవు. కౌలుకు చేసే చేను మీ సొంత ఆస్తి కాదు.

ఇక మిగిలినవి చూసుకోండి. కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10,000, పట్టణంలో 12,000 రూపాయల లోపు ఉండాలి. ఇంట్లో ఎవరూ ఆదాయపు పన్ను కట్టేవారు, ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పెన్షనరు కాకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు ఇందులో మినహాయింపు ఉంది. పట్టణంలో సొంత ఇల్లుంటే దాని విస్తీర్ణమూ చూస్తారు.

మీ చిక్కంతా మీటరు దగ్గర ఉన్నట్టుంది. ఇంటి యజమాని మీటర్లకు మీ ఆధార్ ముడిపడి ఉంటే ఆ వాడకమంతా మీ ఖాతాలో పడుతుంది. భూమి విషయంలోనూ ఇదే జరుగుతుంది. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని రికార్డు మార్పించుకోకపోతే మొత్తం పొలం ఒక్కరి పేరునే కనిపిస్తుంది. అమ్మేసిన కారు బదిలీ కాకపోతే అది మీదే. కాబట్టి భూమి రికార్డులైన 1బి, అడంగల్ తీయించి మెట్టను మాగాణిగా రాశారేమో కూడా చూసుకోండి.

కంప్యూటరు చెప్పిందే ఆఖరి మాట కాదు. తెలంగాణలో 2016 నుంచి కంప్యూటరు లెక్కను బట్టి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులపై ఇంటింటికీ వెళ్లి మళ్లీ విచారించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. మీరూ క్షేత్ర విచారణ అడగవచ్చు.

ఇలా చేయండి:

1. ఏ కారణంతో ఆపారో, ఏ సర్వీసు నంబరు చూపిస్తోందో గ్రామ, వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి.

2. మీది కాని మీటరైతే కరెంటు ఆఫీసులో ఆధార్ అనుసంధానం తీసేయించండి. ఆరు నెలల బిల్లులు, అద్దె రుజువు జతచేసి సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నిబంధన చూసేది ఆరు నెలల సగటునే.

3. పని కాకపోతే నరసరావుపేట కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వండి. 1967కు ఫోన్ చేయవచ్చు.

4. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013లోని 15వ సెక్షన్ ప్రకారం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఫిర్యాదు చేయండి. ఆయన నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఆ చట్టం కింద గుర్తించిన కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు ఇవ్వాల్సిందే. 2023 జనవరి నుంచి అవి ఉచితం. కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్లు దాటిన స్త్రీలలో పెద్దావిడ పేరే ఉండాలి. అర్జీ కూడా ఆవిడ పేరునే పెట్టించండి. వకీలు కావాల్సి వస్తే స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవా కమిటీని కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి.