దసలి కాయ ఉడికేటప్పుడు

వానలు పడి మద్దిచెట్లు చిగురేశాయంటే చెన్నూరు చుట్టుపక్కల అడవుల్లో దసలి పట్టుపురుగులకు కావలి మొదలవుతుంది. కాకుల నుంచీ చీమల నుంచీ తప్పించుకున్న పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి, మేత మానేసి, కొమ్మకు తొడిమ బిగించి గూడు కట్టుకుంటుంది. మనవాళ్లు దాన్ని కాయ అంటారు. ఆ మాట సరైనదే. వేళ్లతో నొక్కితే అది లొంగదు. మల్బరీ పట్టుగూడు వేడినీళ్లకే మెత్తబడుతుంది, దసలి కాయకు వేడినీళ్లు ఒక్కటే చాలవు. ఉడికించడం దగ్గరే పని గెలుస్తుంది, లేదా చెడుతుంది.

ముందుగా కాయలను మంచి ఎండలో గానీ ఆవిరిలో గానీ ఉంచి లోపలి ప్యూపాను చంపుతారు. లేకపోతే అది రెక్కల పురుగుగా, అంటే చిలుకగా మారి బయటికొస్తుంది, ఆ కాయ నుంచి ఒకే పోగుగా దారం రాదు. పళ్లు లేని చిలుక అంత గట్టి గోడను దాటే పద్ధతి తెలుసుకోదగ్గది. దాని నోటి దగ్గర కొకూనేజ్ అనే ఎంజైమ్ ఊరుతుంది. పిహెచ్ 8.5 దరిదాపుల్లో ఉండే, కొద్దిగా క్షారగుణమున్న ద్రవంలో అది కరిగి, గూటి జిగురును తెంపుతుంది. దసలికి దగ్గరి జాతి చిలుకల్లో ఈ సంగతిని హార్వర్డ్‌లో కఫాటోస్, విలియమ్స్ 1964లో వెల్లడించారు. నిప్పు లేదు, మరిగే నీళ్లూ లేవు.

తర్వాత చిల్లుపడినవీ పలచనివీ ఏరిపారేసి, మిగిలిన కాయలను మామూలు నీళ్లలో అరగంట మరిగించాలి. కాయ పైనున్న మురికి, కొంత రంగు దిగుతాయి. దీని గురించి చెప్పడానికి ఇంతకంటే లేదు.

అసలు పని సోడాది. ఇంట్లో చేసి చూడాలంటే లీటరు నీటికి 5 గ్రాముల బట్టల సోడాతో మొదలుపెట్టండి. పసుపు రాసిన కాగితం ముక్కను అందులో ముంచితే ఎర్రబడుతుంది. పసుపు, సున్నం కలిసి కుంకుమ రంగు వచ్చినట్టే ఇదీనూ. ఆ నీటి పిహెచ్ 11 దాటి ఉంటుంది. పిహెచ్ లెక్కలో ఒక్క అంకె పెరిగితే క్షారబలం పది రెట్లు పెరిగినట్టు. ఈ కొలతను డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ప్రవేశపెట్టాడు.

ఇప్పుడు గిన్నెలో జరిగేది చూద్దాం. దారమూ ప్రోటీనే, దాన్ని అంటించిన జిగురూ ప్రోటీనే. రెండూ ఆమైనో ఆమ్లాలు ఒకదానికొకటి గొలుసుగా కట్టుకున్నవే. ప్రతి ముడి పడేటప్పుడు ఒక నీటి అణువు బయటికి పోయింది. ఆ నీటి అణువు తిరిగి చేరితే ముడి విడిపోతుంది, శక్తి లెక్కలో అది పల్లానికి పారడమే. అయినా పట్టుచీర వర్షంలో తడిసి విడిపోదు. మధ్యలో ఎత్తైన గట్టు ఒకటి అడ్డం ఉంది. క్రియాశీలన శక్తి అంటే ఆ గట్టే. చిలుక ఎంజైమ్‌తో గట్టును తగ్గిస్తుంది. మనం మంట పెట్టి అణువులకు గట్టెక్కే ఊపునిస్తాం, సోడా ఆ దారిని సులువు చేస్తుంది.

జిగురు ముందు కరిగి, దారం నిలవడానికి కారణం వాటి కట్టుబడిలో ఉంది. సెరిసిన్ అనే జిగురులో సెరిన్, ఆస్పార్టిక్ ఆమ్లం వంటి నీటిని ఇష్టపడే ఆమైనో ఆమ్లాలు ఎక్కువ. క్షారంలో ఆమ్ల భాగాలు ప్రోటాన్లు వదిలి ఋణావేశం పొందుతాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, సందుల్లోకి నీరు చొరబడుతుంది. దారమైన ఫైబ్రోయిన్‌లో చిన్న ఆమైనో ఆమ్లాలైన అలనిన్, గ్లైసిన్‌లదే మెజారిటీ. మల్బరీ పట్టులో గ్లైసిన్ ఎక్కువైతే దసలిలో అలనిన్ ఎక్కువ. గొలుసులు పేర్చిన పలకల్లా దగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి సోడానీరు అంత త్వరగా లోపలికి పోదు.

అందుకే తొందరపడి కాస్టిక్ సోడా వాడకండి. అంత బలమైన క్షారం జిగురుతో ఆగదు, దారాన్నీ తినేస్తుంది, చేతుల్నీ కాలుస్తుంది. బట్టల సోడాతోనైనా పది నిమిషాలకోసారి ఒక కాయను తీసి, చల్లార్చి, నొక్కి చూడాలి. బొటనవేలికి లొంగి, పైపోగు లాగితే తెగకుండా సాగిందంటే ఉడికినట్టు. అప్పుడు వెంటనే దించేయాలి. ఇంకాసేపు ఉంచుదామనుకుంటే దారం బలహీనపడుతుంది. గడియారం కంటే ఆ వేలే నమ్మదగ్గది.

దించాక గోరువెచ్చని నీటితో కడిగి, చివరి నీళ్లలో కాస్త వెనిగర్ వేస్తే మిగిలిన క్షారం విరుగుతుంది. తడి మీదే నాలుగైదు కాయల పోగులు కలిపి లాగి, పురి పెట్టాలి. ఒంటిపోగు మగ్గానికి ఆగదు. గోదావరి అవతల మహాదేవపూర్‌లో దసలి పట్టుచీరలు నేస్తారు. ఆ చీరల బంగారు గోధుమ ఛాయ దసలి దారానికి సహజంగా ఉన్నదే.

చెన్నూరు, కోటపల్లి బడుల్లో సైన్స్ చెప్పే పంతుళ్లకు ఒక విన్నపం. పిహెచ్, ప్రోటీన్ పాఠాలు వచ్చిన రోజున పది కాయలు, గుప్పెడు సోడా, ఒక పసుపుకొమ్ము తెప్పించండి. సోడా నీళ్లు మీరే కాచండి, నొక్కి చూసే పని పిల్లలకు ఇవ్వండి.