ప్రక్కనున్న కన్నీరు

పఠనము: రోమా 12:9–16

2022 డిసెంబరు 18 రాత్రి అండమానులోని పోర్టుబ్లెయిరులో, మా మేనత్తగారి యింట బంధువులమందరము టెలివిజనులో ప్రపంచ ఫుట్‌బాల్ అంత్యపోటీని చూచితిమి. అదనపు సమయము పిమ్మటను 3–3తో సమముగా నుండగా, పెనాల్టీలలో 4–2తో అర్జెంటీనా ఫ్రాన్సును గెలిచెను. ఇల్లంతయు కేకలతో నిండెను. మేనత్తగారు మాత్రము మౌనముగా నుండిరి. 2004 డిసెంబరు 26న సునామీ ఆమె కుమారుని కార్ నికోబారులో బలిగొనెను. ఆ దినమునకు ఎనిమిది రోజులే యుండెను. మాలో నెవరికిని అది జ్ఞాపకము రాలేదు.

పౌలు 15వ వచనమున సంతోషమును, ఏడ్పును ఒక్కచోట చేర్చెను. ఎన్నడును చూడని అర్జెంటీనావారితో సంతోషించుట సులభము. ప్రక్కనున్న కన్నీటిని పంచుకొనుటయే ప్రేమకు పరీక్ష. ప్రియ చదువరీ, నీవు దర్శింపబోవు ఇంట మౌనముగా నున్నదెవరు? వారి ప్రక్కన కూర్చుండుము.