కొండవాగుల వఱదలు – గొలుసుకట్టు చెఱువుల కట్టలు

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతముల రైతులు రెండు విధములగు వఱదల నెఱుంగుదురు. కృష్ణా తుంగభద్రల వఱద దూరదేశపు వానలచే వచ్చును. పడమటి కనుమలలో వాన కురిసిన కొన్ని దినములకుగాని అది యిచ్చటికి చేరదు. కావున హెచ్చరికకు వ్యవధి యుండును. వాగుల వఱద యట్టిది కాదు. రాతిగుట్టల మీదను, నల్లమల యంచుల మీదను మన్ను పలుచన యగుటచే పడిన వాన యింకక జాఱి, కొన్ని గడియలలోనే వాగును నింపి, తెల్లవాఱునప్పటికి తీసిపోవును. ఏడాదిలో అధికభాగము ఎండియుండు వాగును జూచి భయపడువారు తక్కువ. ఒడ్డుదాక దున్నుకొనువారే యెక్కువ.

మన పెద్దలు ఈ నీటిని గొలుసుకట్టు చెఱువులచే నిలిపిరి. పైచెఱువు అలుగు దుమికిన నీరు క్రింది చెఱువును చేరును. అది నిండిన పిమ్మట దాని క్రిందిదానికి పోవును. వనపర్తి సంస్థానపు సప్తసముద్రములని పేరువడిన చెఱువులు, వానిలో శ్రీరంగాపురమందలి రంగసముద్రము, నేటికిని ప్రసిద్ధములు. వాన తక్కువయగు ఈ సీమకు ఇంతకంటె తగిన యేర్పాటు లేదు. అయినను దీనియందు ఒక యపాయము కలదు. పైచెఱువు తెగెనేని, అందు నిలిచిన నీరంతయు ఒక్కమాఱుగా క్రింది కట్టపై పడును. ఆ కట్ట వాననీటికి తాళవచ్చునుగాని, వాననీరును తెగిన చెఱువు నీరును కలిసి వచ్చిన తాళజాలదు.

ఇందుకు గొప్ప నిదర్శనము 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వఱద. మూసీ యనంతగిరి గుట్టలలో పుట్టు చిన్న యేఱు. ఆ వానలో శంషాబాదున 24 గంటలకు 12.8 అంగుళములు, 48 గంటలకు 18.9 అంగుళములు కురిసెను. నదీ పరీవాహక ప్రదేశమున 788 చెఱువులుండగా 221 తెగిపోయెను. హైదరాబాదులో మృతులు సుమారు 15 వేలమందియని చెప్పుదురు. మఱుసటి యేట పిలిపింపబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరమునకు ఎగువను జలాశయములు కట్టవలెనని సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. నగరమునకు అట్టి రక్షణము కలిగెను. పల్లెల కుంటలకు మాత్రము కట్ట క్రింది రైతులే దిక్కు.

1908 నాటి వాన హస్త కార్తెలో కురిసినది. 2009 అక్టోబరు 2వ తేదీకి కర్నూలు, అలంపురము, రాజోలి మున్నగు ఊళ్లను ముంచిన వానయు హస్తలోనిదే. అప్పుడు శ్రీశైల జలాశయమునకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చెను. నది యంత యెత్తున పాఱునప్పుడు నడిగడ్డ వాగుల నీరు దానిలో కలియజాలక వెనుకకు తన్ని చేలలో నిలుచును. హస్త నాటికి చెఱువులు నిండియుండును, నేల నీరు త్రాగి తనిసియుండును, బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టు కాలమును అదియే. మృగశిరలో ఇంకిపోవు వాన హస్తలో వఱదయగును. కావున నాట్లు ముగిసినవి గదాయని కట్టను మఱచుట తగదు.

కట్ట తెగుటకు వానయే యక్కఱలేదు. కొత్తకోట సమీపమున వనపర్తి రాజావారి తల్లి పేర 1949లో ఆరంభించి 1959లో పూర్తిచేసిన సరళాసాగరమునకు తలుపులు లేవు. నీరు మితిమీఱినంతనే సైఫనులు తమంతట తామే పనిచేయును. అంతటి నేర్పుతో కట్టిన జలాశయము 2019 డిసెంబరు 31వ తేదీ ఉదయమున, ఆకాశమున మబ్బు లేని దినములలో, మట్టికట్టకు గండిపడి ఖాళీయయ్యెను. ఎత్తిపోతల కాలువలచే వచ్చిన కృష్ణానీటితో అది నిండియుండెను. ఏండ్ల తరబడి నిండని కట్టలు ఎండి బీటలువాఱి, చెట్లవేళ్లచేతను ఎలుకబొరియలచేతను గుల్లయగును. నిండిన దినముననే వాని లోపము బయటపడును.

ఇక రైతులు చేయవలసిన పనులు. రోహిణిలోనే కట్టపైని తుమ్మ, సర్కారు తుమ్మ మొక్కలను వేళ్లతో పెఱికి, బొరియలను త్రవ్వి, తడిమన్నుతో దిమ్మిసకొట్టి పూడ్చవలెను. పెద్ద మ్రాను నఱకి మొద్దును విడుచుట మంచిది కాదు. వేళ్లు క్రుళ్లిన చోట నీటికి త్రోవ యేర్పడును. మఱికొంత నీరు నిలుచునను ఆశతో అలుగుపై రాళ్లు, ఇసుకబస్తాలు పేర్చుట పలుచోట్ల కలదు. చేపలు పోకుండ వలలు కట్టుటయు కలదు. ఈ రెండును ఊరికే చేటు. అలుగు మూయబడిన నీరు కట్టమీదుగా పొరలును. మట్టికట్టపై నీరు పొరలినచో గంటలలో తెగును.

రెవిన్యూ పత్రములలో శిఖము అని వ్రాయబడు భూమి చెఱువు కడుపు. దానియందు గట్లు వేసి సాగుచేయువారు, అలుగు కాలువను పూడ్చి చేనిలో కలుపుకొనువారు, తమ యాయకట్టునే ముంచుకొనుచున్నారు.

పూర్వము నీరటికాడు రాత్రింబగళ్లు కట్టను కనిపెట్టుచుండెడివాడు. ఇప్పుడు ఆయకట్టుదారులు వంతులు వేసికొని, చెఱువు నిండిన దినములలో కట్ట వెనుకటి పాదము వెంబడి లాంతరుతో తిరుగవలెను. ఊటనీరు తేటగానున్నచో గుఱుతుపెట్టి చూచుచుండవచ్చును. బురదగా వచ్చెనేని కట్ట లోపల మన్ను కోసికొనిపోవుచున్నదని యెఱుగునది. అప్పుడు ఊటపై మన్ను వేసి మూయరాదు. నీరు మఱియొక త్రోవ వెదకును. ముందు ఇసుక, దానిపై గులకరాయి, ఆపై పెద్దరాళ్లు పఱచిన, నీరు పోవును, మన్ను నిలుచును. తూము తెఱచి నీటిమట్టము తగ్గింపవలెను. అదే క్షణమున క్రింది చెఱువు గ్రామమునకు మనిషిని పంపవలెను.