అద్దె పెరిగినా సాయం పెరగలేదెందుకు?

ప్రశ్న: లండన్‌లో ప్రైవేటు ఇంట్లో ఉంటున్న, శాశ్వత నివాసానుమతి గల తెలుగు కుటుంబానికి యజమాని అద్దె పెంచారు, యూనివర్సల్ క్రెడిట్‌లోని అద్దె సాయం మాత్రం పెరగలేదు. కారణమేమిటి?

జవాబు: అసలు అద్దె ఎంతైనా ఈ సాయం 'లోకల్ హౌసింగ్ అలవెన్స్' అనే ప్రాంతీయ పరిమితిని దాటదు. ప్రాంతంలోని అద్దెలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చితే నూటికి 30వ స్థానంలో నిలిచే మొత్తం ఆధారంగా దీనిని 2024 ఏప్రిల్‌లో సవరించిన ప్రభుత్వం, 2025లో అద్దెలు పెరుగుతున్నా అక్కడే నిలిపివేసింది. అసలు అద్దెకూ ఈ పరిమితికీ మధ్య లోటు అద్దెదారు నెత్తినే పడుతుంది.

ఈ పరిమితి కుటుంబానికి లెక్కించే పడకగదుల సంఖ్యను బట్టి ఉంటుంది గనుక ముందుగా గదుల లెక్క సరిచూసుకోవాలి: పదేళ్లలోపు అన్నాచెల్లెళ్లకు ఒకే పడకగది లెక్కిస్తారు గనుక, అన్నకు పదేళ్లు నిండగానే పరిమితి సాధారణంగా పెరుగుతుంది, ఈ మార్పు చాలామంది గమనించరు. మిగిలిన లోటుకు కౌన్సిల్‌ను అదనపు సాయం కోరవచ్చు. పెంపు అన్యాయమనిపిస్తే, అది అమలయ్యే తేదీకి ముందే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయాలి. ప్రభుత్వ నిధులు పొందరాదన్న షరతు గల వీసాదారులు మాత్రం యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు చేస్తే వీసాకే ముప్పు.

అద్దె బకాయిపడినా, ఖాళీ చేయమని నోటీసు అందినా ఇల్లు వదలకుండా వెంటనే కౌన్సిల్ గృహ విభాగాన్నో, సిటిజన్స్ అడ్వైస్‌నో సంప్రదించాలి.