తొట్టిలో వెన్నపండు చెట్టు

ఎర్రగడ్డలో ఒక అమ్మ ఉంది. రోజూ జూబ్లీహిల్స్‌కు ఇళ్ల పనికి పోతుంది. ఒకనాడు అక్కడి వంటింట్లో కోడిగుడ్డంత గింజ కనబడింది.

"ఇదేం గింజ అమ్మగారూ?" అని అడిగింది.

"అవకాడో గింజ. వెన్నపండు అని కూడా అంటారు" అంది ఆ ఇంటావిడ.

వెన్నపండు పుట్టిల్లు మెక్సికో వైపు. మన దేశంలో కూర్గు, నీలగిరి వంటి చల్లని కొండల్లో పండుతుంది.

ఆమె ఆ గింజను కొంగున కట్టుకొని తెచ్చింది. డాబా మీద పాత బకెట్లో మన్ను పోసి నాటింది. నెల దాటాక మొలక వచ్చింది. మూరెడు పెరిగింది. వానాకాలంలో ఆకులు పసుపుపచ్చగా మారాయి. వాడిపోయాయి.

"నీళ్లు చాలలేదేమో" అనుకుంది. ఇంకా పోసింది. మొక్క చచ్చిపోయింది. పీకి చూస్తే వేర్లు నల్లగా ఉన్నాయి.

"నీళ్లు పోసే చంపినవ్ వదినా! బకెట్‌కు చిల్లులే లేవు" అంది పక్కింటావిడ.

వేర్లకు నీరు కావాలి. గాలి కూడా కావాలి. నీరు నిలిస్తే గాలి ఆడదు. వేర్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు తాగలేదు. అందుకే తడి మన్నులో ఉండి కూడా మొక్క వాడిపోతుంది.

రెండోసారి ఇద్దరూ కలిసి నాటాలనుకున్నారు. ఈసారి అంటు మొక్క కొనాలనుకున్నారు. గింజ మొక్క కాయాలంటే 5 ఏళ్లు దాటుతుంది. ఒక్కోసారి 10 ఏళ్లు కూడా పడుతుంది. తల్లి చెట్టు లాంటి పండే వస్తుందన్న నమ్మకం లేదు. అంటు మొక్క 3, 4 ఏళ్లలో కాపుకు రావచ్చు.

మొక్కలమ్మే అతను ఒకటి చూపించాడు. "ఇది అంటుదే, తీసుకోండి" అన్నాడు. ఆమె వంగి కాండం చూసింది. అంటు మొక్కకు మొదట్లో అతుకు ఉంటుంది. అక్కడ కొంచెం ఉబ్బు కనబడుతుంది. ఈ మొక్క కాండం నున్నగా ఉంది.

"అతుకేది అన్నా? ఇది గింజ మొక్క" అంది. అతను ఇంకేమీ అనలేదు. లోపలి నుండి వేరే మొక్క తెచ్చి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి ఇలా నాటారు:

1. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకున్నారు. అడుగున చిల్లులు పెట్టారు. మందుల డ్రమ్ము, రసాయనాల డ్రమ్ము వాడలేదు.

2. డ్రమ్మును ఇటుకల మీద, గోడ పక్కన పెట్టారు. తడి మన్ను చాలా బరువు. డాబా నడిమధ్య పెట్టకూడదు.

3. ఎర్రమన్ను, ఇసుక, చివికిన పేడ ఎరువు సమంగా కలిపి పోశారు.

4. అతుకు మన్నులో మునగకుండా నాటారు.

రోజూ వేలు రెండు కణుపుల లోతు మన్నులో పెట్టి చూస్తుంది. పొడిగా ఉంటేనే నీళ్లు పోస్తుంది. బోరు నీటిలో ఉప్పు ఎక్కువైతే ఆకుల కొసలు మాడుతాయి. అందుకని వాన నీళ్లు పట్టి, మూత పెట్టి ఉంచుతుంది. మూత లేకుంటే దోమలు పెరుగుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం పాత చీర నీడ కడుతుంది.

ఒక జాగ్రత్త. ఈ చెట్టు ఆకులు మేకలకు, కోళ్లకు విషం. రాలిన ఆకులు వాటికి వేయకూడదు.

హైదరాబాదు ఎండ ఈ చెట్టుకు కష్టమే. తొట్టిలో కాపు కూడా తక్కువే. ఆమెకు ఆ సంగతి తెలుసు. అయినా నాటిన తేదీని డ్రమ్ము మీద సున్నంతో రాసింది. ఎవరినీ అడగకుండా, తన చేత్తో రాసింది.

ఆలోచించండి – చెప్పండి

1. మొదటి మొక్క ఎందుకు చచ్చిపోయింది?
2. అంటు మొక్కను ఎలా గుర్తుపట్టాలి?
3. మీ ఇంటి దగ్గర తొట్టిలో ఏ మొక్క పెంచుతారు? దాని పేరు రాయండి.