సున్నం గోడ చెప్పే పాఠం

పాత కట్టడాన్ని బాగుచేయడమంటే రంగు వేయడం కాదు. ఈ మాటకు హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధులే మంచి ఉదాహరణ.

గోల్కొండ కోట దగ్గర 106 ఎకరాల ఆవరణ అది. సమాధులు, మసీదులు, హమాం, మెట్ల బావులు ఉన్నాయి. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా, హైదరాబాదు నగరాన్ని నిర్మించిన ముహమ్మద్ కులీ ఇక్కడే విశ్రమిస్తున్నారు. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి పునరుద్ధరణ మొదలుపెట్టాయి. ఆ ఏడాది వానలకు ఒక పక్క కూలిన బడీ బావిని మళ్లీ రాతితో కట్టారు. మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం లభించింది.

వెనుకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఇక్కడి మేస్త్రీలు ఒలిచి, మళ్లీ సున్నమే పూశారు. ఎందుకు? సున్నపు గోడ తేమను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే ఆపేస్తుంది. పూత ఉబ్బి రాలిపోతుంది, దాంతోపాటు నగిషీ కూడా పోతుంది. నగిషీ పోయాక యాత్రికుడు చూడడానికేం మిగులుతుంది? అతను వస్తేనే గైడుకు, ఆటోవాలాకు, చాయ్ దుకాణానికి నాలుగు రూపాయలు.

దాతలకు ఒక మనవి. మన ఊళ్ల పాత మసీదులకు, దర్గాలకు మంచి మనసుతోనే చందాలిస్తున్నాం. ఆ డబ్బే సున్నపు గోడల మీద టైల్సుగా, ఆయిల్ పెయింటుగా మారుతోంది. ఇకమీదట చందా ఇచ్చేముందు ఒక్క మాట అడగండి: "సున్నం పని తెలిసిన మేస్త్రీకి చూపించారా?"